పనిలో గాయపడినవారి నష్టపరిహారం: మనం తెలుసుకోవలసిన సంగతులు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం స్కూలు మాస్టారిని. నన్ను మాట్లాడమంటే తాలీమ్ గురించే మాట్లాడతానని అందరూ అనుకుంటారు. ఏటా అదే చెబుతున్నాను కూడా. ఈసారి మాత్రం వేరే విషయం ఎత్తుకోవడానికి అధ్యక్షుల వారి అనుమతి తీసుకున్నాను. కారణం మనవి చేస్తాను.

మన సొసైటీ బైతుల్‌మాల్‌కు వచ్చే అర్జీలు చాలావరకు నా చేతనే రాయించుకుంటారు. వాటిలో జబ్బు చేసినవారివి, పెళ్ళి ఖర్చులవి, పిల్లల ఫీజులవి ఉంటాయి. ఇవి కాక ప్రతి ఏడూ కొన్ని ఇలాంటివి వస్తున్నాయి: వెల్డింగు షెడ్డులో కన్ను పోయినవాడు, సెంట్రింగు మీంచి పడి నడుం విరిగినవాడు, లారీ మీద క్లీనరుగా వెళ్ళి కాలు పోగొట్టుకున్నవాడు. అందరి అర్జీల్లోనూ ఆఖరి మాట ఒకటే, "దయతలచి సహాయం చేయగలరు" అని. మనం మూడు వేలో, అయిదు వేలో ఇస్తాం. తీసుకుని దువా చేసి వెళ్ళిపోతారు. కానీ వాళ్ళకు చట్టప్రకారం రావలసింది లక్షల్లో ఉంటుంది. అది దయ కాదు, హక్. ఆ హక్ ఎక్కడుందో, ఎలా అడగాలో, ఎక్కడ పోగొట్టుకుంటున్నామో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం. నేను వకీలును కాను. చదివి, అడిగి, ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్నది చెబుతున్నాను.

ముందు మన పొరుగునే జరిగిన ఒక కేసు వినండి. సాలూరు ఘాటీ ఎక్కి కోరాపుట్ దాటితే జయపురం వస్తుంది. 1936 దాకా ఆ ప్రాంతమంతా మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అక్కడ 1968 జూలైలో ఒక సినిమా హాలులో అలంకారపు పని చేస్తున్న వడ్రంగి కిందపడ్డాడు. ఎడమ చెయ్యి తీసేయవలసి వచ్చింది. పరిహారం అడిగితే యజమాని కాదన్నాడు. ఒక చెయ్యి పోయింది గానీ మనిషి పూర్తిగా పనికిరాకుండా పోలేదు గదా అని వాదించాడు. వడ్రంగం ఒంటి చేత్తో అయ్యే పని కాదు గనుక ఆ పని మటుకు అతని శక్తి నూటికి నూరు పాళ్ళూ పోయినట్టేనని విచారించిన కమిషనర్ తేల్చాడు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వడ్రంగి వైపే తీర్పు చెప్పింది. పైగా, పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజునే గాని కోర్టు లెక్క తేల్చిన రోజున కాదని స్పష్టం చేసింది. ఆలస్యం చేసినందుకు వేసిన జరిమానాను కూడా నిలబెట్టింది. ఇవాళ్టికీ దేశమంతటా ఈ కేసుల్లో ఆ తీర్పును చూపిస్తున్నారు. ఆ వడ్రంగి కూడా మనలాంటి కష్టజీవే. అతను ఊరుకోకుండా అర్జీ పెట్టాడు, అంతే.

ఇక చట్టం సంగతి. తెల్లవాళ్ళ కాలంలో 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. 1924 జూలై 1 నుంచి అమలైంది. 2000లో చేసిన సవరణతో రోజుకూలీని కూడా దీని కిందికి తెచ్చారు. 2009 సవరణతో పేరు మారింది, వైద్యం ఖర్చులు కూడా యజమానే భరించాలన్న నిబంధన చేరింది. ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. పాత చట్టంలోని ముఖ్యమైన హక్కులు చాలావరకు ఈ కోడ్‌లోనూ ఉన్నాయి. కాబట్టి ఎవరైనా "ఆ చట్టం రద్దయిపోయింది, ఇక నీకేమీ రాదు" అంటే నమ్మవద్దు.

ఇందులో అసలు సూత్రం ఒకటుంది. పనిలో ఉండగా, పని కారణంగా దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి. యజమాని తప్పు చేశాడని మనం రుజువు చేయనక్కరలేదు. "నీ అజాగ్రత్త వల్లే వేలు తెగింది" అని మేస్త్రీ అంటే మనవాడు తల దించుకుంటాడు. దించుకోనక్కరలేదు. అజాగ్రత్త ఒక్కటే కారణంగా పరిహారం పోదు. తాగి ఉండటం, కావాలని రక్షణ నియమం ఉల్లంఘించడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి కూడా ప్రాణం పోయినప్పుడు, మనిషి శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనప్పుడు వర్తించవు.

డ్యూటీకి వెళుతూ దారిలో ప్రమాదమైతే? ఇది చాలాకాలం తగువుగానే ఉండింది. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఒకతను 2003లో డ్యూటీకి వెళుతూ మోటారు సైకిల్ ప్రమాదంలో పోయాడు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఇరవై రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు కొత్త కోడ్‌లో ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చే దారిని కూడా స్పష్టంగా చేర్చారు. ఆ ప్రయాణానికి, ఉద్యోగానికి సంబంధం ఉందని చూపాలి.

ఎంత వస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. లెక్కల మాస్టారు లేకపోయినా అర్థమయ్యేటట్టు చెబుతాను. మనిషి చనిపోతే నెలజీతంలో సగం, శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే నెలజీతంలో నూటికి 60 వంతులు తీసుకుని, వయసును బట్టి చట్టం ఇచ్చిన ఒక అంకెతో హెచ్చవేయాలి. ఆ అంకె 30 ఏళ్ళవాడికి 207.98, 40 ఏళ్ళవాడికి 184.17. జీతం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునే హద్దు ఒకటుంటుంది. 2020 జనవరిలో దాన్ని నెలకు 15,000 రూపాయలు చేశారు. పాక్షిక వైకల్యమైతే ఏ అవయవం పోతే నూటికి ఎంతో పట్టికలో ఉంది. చేతి బొటనవేలు పూర్తిగా పోతే 30, చూపుడువేలు పూర్తిగా పోతే 14, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. పట్టికలో లేని దెబ్బ అయితే సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఇప్పుడు మనవాళ్ళ కుర్రాడి సంగతి చెబుతాను. పేరూ, పని చేసిన చోటూ చెప్పను. వయసు 30. నెలకు 12,000 జీతం. కటింగ్ మిషన్ మీద కుడిచేతి బొటనవేలు పూర్తిగా పోయింది. యజమాని ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో 40,000 పెట్టి, "ఇకమీదట నాకు ఏ విధమైన హక్కూ లేదు" అని స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. పెద్దమనుషులు కూడా పక్కనే ఉన్నారు. నా దగ్గరకు వచ్చి, "ఏటి చేస్తాం మాస్టారూ, నా నసీబ్ అలాగుంది. సేఠ్ మంచోడే, అంతయినా ఇచ్చాడు" అన్నాడు. కూర్చోబెట్టి లెక్క వేశాం. 12,000లో నూటికి 60 అంటే 7,200. దాన్ని 207.98తో హెచ్చవేస్తే 14,97,456. అందులో నూటికి 30 అంటే 4,49,237 రూపాయలు. కుర్రాడు కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇదంతా నాదేనా?" అన్నాడు.

స్టాంపు కాగితం గురించి కూడా చెప్పాలి. పరిహారపు హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1923 చట్టంలోనే ఉంది. రాజీ పడదలిస్తే దాన్ని పరిహారపు అధికారి దగ్గర నమోదు చేయించాలి. మొత్తం మరీ తక్కువగా ఉందనుకుంటే ఆయన నమోదు చేయకపోవచ్చు. చనిపోయినవారి విషయంలో నిబంధన ఇంకా గట్టిది. పరిహారాన్ని యజమాని ఆ అధికారి దగ్గరే జమ చేయాలి. బేవా చేతిలో నేరుగా పెట్టిన డబ్బు, కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, పరిహారం కింద లెక్కకు రాదు. ఆ కుర్రాడి తరఫున అర్జీ వేశాం. విచారణ నడుస్తోంది. ఇన్షా అల్లా న్యాయం జరుగుతుందని ఆశిస్తున్నాం.

మన హక్ ఎక్కడ పోతోందంటే, ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే పోతోంది. ఈ మాట జాగ్రత్తగా వినమని కోరుతున్నాను.

మొదటిది, ఆసుపత్రిలో చెప్పే మాట. "ఇంట్లో జారిపడ్డాడని చెప్పు, పోలీసు గొడవ ఉండదు, ఖర్చు నేను చూసుకుంటాను" అని షెడ్డు యజమాని అంటాడు. మనవాళ్ళు అలాగే చెబుతారు. డాక్టరు అదే రాసుకుంటాడు. ఏడాది తరువాత అధికారి ముందు ఆ కేస్ షీట్ బయటికి వస్తుంది. అప్పుడు మన నోటి మాటే మనకు అడ్డం. అందుచేత శ్రీకాకుళమైనా, విజయనగరమైనా, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి అయినా, "ఫలానా చోట, ఫలానా పని చేస్తుండగా దెబ్బ తగిలింది" అని ఉన్నదున్నట్టు చెప్పి రాయించాలి.

రెండోది సున్నితమైన విషయం. పెద్దలు మన్నించాలి. పనిలో మనిషి పోయినప్పుడు మనం త్వరగా దఫన్ చేయాలనుకుంటాం. అది మన దీన్ నేర్పిన పద్ధతి. ఆ తొందరలో "పోస్టుమార్టం వద్దు, మయ్యత్‌ను కోయించం" అని పట్టుబట్టి, పోలీసు రిపోర్టు కూడా లేకుండా మట్టి చేసిన సందర్భాలున్నాయి. ఆ తరువాత ఆ మనిషి పనిలో పోయాడనడానికి ఆధారమేది? యజమాని "గుండెపోటు" అంటే కాదనేవారెవరు? పోస్టుమార్టం, పంచనామా, ఎఫ్.ఐ.ఆర్. అనే మూడు కాగితాల మీదనే యతీముల రోటీ ఆధారపడి ఉంటుంది. అలాంటప్పుడు ఆసుపత్రి వారిని తొందరపెట్టి అదే రోజు పని పూర్తి చేయించడానికి మన కమిటీ సభ్యులు వెంట ఉండాలి. ఈ విషయంలో జనాబ్ ఇమామ్ సాబ్‌గారు కూడా జమాత్‌కు రెండు మాటలు చెప్పాలని మనవి చేస్తున్నాను.

మూడోది ఇద్దత్. భర్త పోయిన ఆడపిల్ల నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలదు. ఈలోగా హాజరు పట్టీలు మాయమవుతాయి, తోటి పనివాళ్ళు వేరే ఊళ్ళకు పోతారు. ఆమె కదలనక్కరలేదు. ఆమె తరఫున అన్నదమ్ములు యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు, సాక్షుల పేర్లు రాసుకోవచ్చు. అర్జీకి గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి, మరణమైతే మరణించిన నాటి నుంచి రెండేళ్ళు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా ఉంది. అయినా రెండేళ్ళున్నాయి గదా అని కూర్చోవద్దు.

నాలుగోది పేర్లు, వయసులు. ఇది నా స్కూలు పని గనుక నాకు బాగా తెలుసు. ఆధార్‌లో "షేక్", రేషన్ కార్డులో "ఎస్.కె.", బ్యాంకులో ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరు ఒక్కోచోట ఒక్కో విధం. వయసును బట్టి పరిహారం మారుతుందని చెప్పాను గదా, ఆ వయసుకు స్కూలు సర్టిఫికెట్ మంచి ఆధారం. కాబట్టి పిల్లల్ని స్కూల్లో చేర్చేటప్పుడే పేరు, పుట్టిన తేదీ సరిగా రాయించండి. ఏటా తాలీమ్ గురించి చెప్పే మాస్టారు ఇవాళ కూడా తాలీమ్ దగ్గరికే వచ్చాడని నవ్వుకోకండి.

పని చేసినట్టు రుజువు ఏమిటంటే గేట్ పాస్, ఇ.ఎస్.ఐ. నంబరు, ఫోనులో జీతం పడిన మెసేజి, పని చోట దిగిన ఫోటో, తోటి పనివాళ్ళ సాక్ష్యం. ఇవన్నీ బాగున్న రోజుల్లోనే ఇంట్లో ఒక కవరులో పెట్టుకోవాలి.

అర్జీ ఎక్కడ పెట్టాలి? కార్మిక శాఖలో దీనికి నియమించిన అధికారి దగ్గర. పాత చట్టం ఆయనను కమిషనర్ అనేది, కొత్త కోడ్ కాంపిటెంట్ అథారిటీ అంటోంది. జిల్లా కేంద్రంలోని కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు. మన జిల్లాల నుంచి మద్రాసుకు, హైదరాబాదుకు, గుజరాత్ రేవులకు పనికి పోయేవారు ఎందరో ఉన్నారు. వారి కుటుంబాలకు ఒక మంచి మాట. ప్రమాదం ఎక్కడ జరిగినా, బాధితుడుగానీ అతని మీద ఆధారపడినవారుగానీ తాము కాపురముంటున్న చోటనే అర్జీ పెట్టుకోవచ్చు. 1995 సవరణతో ఈ సదుపాయం వచ్చింది, కొత్త కోడ్‌లోనూ ఉంది. భాష రాని ఊరికి పోయి తిరగనక్కరలేదు.

"నేను కంట్రాక్టరు మనిషిని, కంపెనీకి సంబంధం లేదంటున్నారు" అని మరి కొందరంటారు. కంపెనీ తన వ్యాపారంలో భాగమైన పనిని కంట్రాక్టరుకు ఇచ్చినా, పరిహారం కంపెనీ నుంచి అడగవచ్చు. ఆ తరువాత కంపెనీ, కంట్రాక్టరు వాళ్ళలో వాళ్ళు తేల్చుకుంటారు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనైనా, టెక్కలి గ్రానైటు క్వారీల్లోనైనా కంట్రాక్టు మీద పనిచేసే కుర్రాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

లారీ డ్రైవర్లు, క్లీనర్లు మన జమాత్‌లో చాలామంది ఉన్నారు. వాహన ప్రమాదంలో గాయపడితే రెండు దారులున్నాయి. ఒకటి మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్, రెండోది ఈ పరిహారపు అర్జీ. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. తప్పు ఎదుటి వాహనానిదైతే ట్రిబ్యునల్‌లో ఎక్కువ రావచ్చు. తప్పు మన డ్రైవరుదే అయితే అక్కడ కష్టం, పరిహారపు అర్జీయే మేలు. లారీకి ఇన్సూరెన్సు ఉంటే ఇన్సూరెన్సు కంపెనీని కూడా కేసులో చేర్చాలి. మొదట ఏ గుమ్మం తొక్కాలన్నది వకీలును అడిగిన తరువాతే నిర్ణయించుకోండి.

ఇ.ఎస్.ఐ. ఉన్నవారి దారి వేరు. వారు యజమాని నుంచి ఈ పరిహారం అడగడానికి లేదు, ఇ.ఎస్.ఐ. నుంచే తీసుకోవాలి. అది తక్కువేమీ కాదు. పనిలో దెబ్బ తగిలి పని చేయలేని రోజులకు వేతనంలో నూటికి 90 వంతుల లెక్కన ఇస్తారు. శాశ్వత వైకల్యమైతే దాని శాతాన్ని బట్టి నెలనెలా ఇస్తారు. చనిపోతే భార్యకు, పిల్లలకు నెలనెలా వస్తుంది. చేరిన మొదటి రోజే ప్రమాదమైనా ఈ హక్కు ఉంటుంది. కనుక జీతంలోంచి ఇ.ఎస్.ఐ.కి కోత పడుతోందా, నంబరు ఇచ్చారా అని ప్రతి తల్లీ తన కొడుకును అడగాలి.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. కోటి రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. అంత పెద్ద ప్రమాదమైతే పత్రికలవాళ్ళు వస్తారు, మంత్రులు వస్తారు. ఒక షెడ్డులో ఒక్కడి వేలు తెగితే ఎవరూ రారు. ఆ ఒక్కడికి చట్టమే దిక్కు, చట్టాన్ని తట్టి లేపడానికి మనిషి దిక్కు.

సొంతంగా కుట్టుపని, రిపేరు పని చేసుకునేవారికి యజమానే లేడు గనుక ఈ పరిహారం రాదు. వారు కనీసం బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించుకోవాలి. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ళ దాకా తీసుకోవచ్చు. ప్రమాదంలో పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తుంది. కూలికి పోయేవారు కూడా తీసుకోవచ్చు. ఇది వచ్చిందని యజమాని పరిహారం తగ్గదు.

ఇంకొక ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఆలస్యమైన పరిహారం మీద వడ్డీ కలుస్తుంది గదా, అది మనకు జాయిజా అని. పాత చట్టంలో ఏడాదికి నూటికి 12 వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే సగం దాకా జరిమానా ఉండేవి. కొత్త కోడ్‌లోనూ వడ్డీ, సగం దాకా అదనపు మొత్తం ఉన్నాయి. ఈ వడ్డీని ఏం చేయాలో ఆలిములను అడిగి తెలుసుకోండి, నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. కాని ఆ సందేహంతో అసలు అర్జీయే వేయకుండా ఉండటం మాత్రం తగదు. అసలు మొత్తం మీ చెయ్యికి, మీ కంటికి, మీ మనిషి ప్రాణానికి చట్టం కట్టిన బాకీ.

చివరగా సొసైటీ ముందు మూడు సూచనలు ఉంచుతున్నాను. ఒకటి, ప్రమాదం జరిగిందని తెలిసిన వెంటనే ఆసుపత్రికి, పోలీసు స్టేషనుకు వెళ్ళడానికి ఊరికి ఇద్దరు చొప్పున యువకులను నియమించాలి. రెండు, బైతుల్‌మాల్ సాయం అర్జీతో బాటు పరిహారపు అర్జీ కూడా సొసైటీ తరఫున రాయించాలి. మన సాయం ఆ కేసు తేలేదాకా ఇంట్లో పొయ్యి వెలగడానికి పనికిరావాలి, దాని బదులుగా కాకూడదు. మూడు, యజమానితో రాజీకి మన పెద్దలు వెళ్ళవలసి వస్తే ముందుగా లెక్క వేసుకుని మరీ వెళ్ళాలి. లెక్క తెలియని పెద్దమనిషి సంతకం బీదవాడికి నష్టం. మన జమాత్‌లో యజమానులు కూడా ఉన్నారు. వారికీ ఇదే మనవి. కార్మికులకు ఇ.ఎస్.ఐ. కట్టండి, అది వర్తించకపోతే ఇన్సూరెన్సు చేయించండి. రేపు ఆపద వస్తే మీ షెడ్డూ నిలుస్తుంది, వారి ఇల్లూ నిలుస్తుంది.

అర్జీ రాయవలసిన అవసరం ఉన్నవారు ఏ సాయంత్రమైనా అసర్ నమాజు తరువాత నా దగ్గరకు రావచ్చు. కాగితం, కలం నావి. మీరు మీ కవరు తెచ్చుకోండి.

 అల్లాహ్ మన కష్టజీవులందరినీ తన హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.